ఒరిగిన కారు, కొలతపుల్ల

లెక్కల్లో బి.ఏ. పట్టా పుచ్చుకున్నదాన్ని కాబట్టి పెట్రోలు సంగతి నాకు వదిలెయ్యమని మా ఆయనతో పోట్లాడి మరీ తీసుకున్నాను. యుద్ధం రోజులవి. పెట్రోలుకు కూపన్లు. నరసరావుపేటలో ప్లీడరైన మా ఆయనకు ఒక చిన్న కారుండేది. నలుగురం కూర్చుంటే మోకాళ్ళు గడ్డాలకు తగిలేవి. మా వాటాకొచ్చే కూపన్లతో నెలకొకసారి మాచర్ల పోయి రావచ్చు, అంతే. మాచర్లలో మా అమ్మ పక్షవాతంతో మంచాన ఉంది. రైల్లో పోవాలంటే గుంటూరు దాకా వెనక్కి పోయి బండి మారాలి. అందుకని ఆ యాభై మైళ్ళ రోడ్డూ, ఆ నాలుగు గాలన్ల పెట్రోలూ నాకు ప్రాణమైపోయాయి.

మా డ్రైవరు నరసరావుపేటలోనే పుట్టి పెరిగిన సాయిబు. నాకంటే పదేళ్ళు పెద్ద. పొదుపంటే అతని దగ్గర చూడాలి. బయల్దేరే ముందు నా ట్రంకుపెట్టె ఎత్తి చూసి, "రాళ్ళేమన్నా పెట్టారా అమ్మా? సగం తీసెయ్యండి, బండి మొయ్యాల గదా" అనేవాడు. ఇరవై అయిదు మైళ్ళ వేగం దాటనిచ్చేవాడు కాదు. దిగుడు వస్తే ఇంజను ఆపి వదిలేసేవాడు. అప్పుడు టైర్ల కింద కంకర చప్పుడు తప్ప మరేమీ వినబడేది కాదు. గాలనుకు ముప్పైమూడు మైళ్ళు వచ్చేవి. ఆ ముప్పైమూడూ నా లెక్క గొప్పతనమని నలుగురిలో చెప్పుకునేదాన్ని.

ఎంత పెట్రోలుందో చూపే ముల్లు ఆ కారుకు లేదు. వెనక ఎడమపక్కన టాంకు మూత తీసి, పుల్ల దించి, తడి ఎంతదాకా వచ్చిందో చూడాలి. ఆ పుల్ల మీద అరగాలనుకో గీటు చొప్పున కత్తితో గీసింది నేనే. బయల్దేరేటప్పుడు ఎనిమిది గీట్లు, మాచర్లలో అయిదు, ఇంటికొచ్చాక రెండు. నెలనెలా అంతే.

ఆ నెల మేము మాచర్ల చేరేసరికి మా అమ్మ వీధి నిండా పత్తిబళ్ళు. వాటికి దారి ఇవ్వడానికి అతను కారు ఎడమ చక్రాలు రెండూ ఇంటిముందు నాపరాళ్ళ మెట్టు మీదికి ఎక్కించి ఆపాడు. నేను దిగీ దిగగానే పుల్ల పెట్టి చూశాను. మూడు గీట్లే.

"రెండు గీట్లు ఏమైనయ్?" అన్నాను.

అతను పుల్ల చూశాడు, చక్రాలు చూశాడు. "బండి ఒరిగుందమ్మా. ఈ బళ్ళు పోనీయండి, కిందికి దింపి చూద్దాం."

"ఒరిగితే పెట్రోలు ఆవిరైపోద్దా ఏంది? లెక్కలు చదివింది నువ్వా, నేనా?"

"మీరేనమ్మా. నేను చదవలా. దింపి చూడమంటున్నా, అంతే."

"దింపే లోపల ఎక్కణ్ణించో తెచ్చి పోస్తావు. గురజాలలో నేను మంచినీళ్ళకు దిగినప్పుడు ఎవరికి పోశావో అది చెప్పు."

బళ్ళవాళ్ళు ఎద్దుల్ని నిలిపి మరీ వింటున్నారు. పక్కింటి పిన్ని గుమ్మంలోకి వచ్చి, "ఏమే, పెద్ద మనిషిని పట్టుకొని అట్టా అనొచ్చా? నీ నోటికి తాళం లేదా?" అంది.

"నువ్వూరుకో పిన్నీ. కూపన్లు నువ్విస్తావా?"

బళ్ళు పోయాక అతను కారు దింపి, నేను చూస్తానేమోనని కొంచెంసేపు పక్కనే నిలబడ్డాడట. పిన్ని తరవాత చెప్పింది. నేను లోపల మా అమ్మకు అతని దొంగతనం వర్ణించి చెబుతున్నాను.

మర్నాడు ఇంటికి చేరాం. అరుగు మీద మా ఆయనా, మరో ఇద్దరు ప్లీడర్లూ కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందే పుల్ల దించాను. రెండు గీట్లు.

"చూశారా? మాచర్లలో మూడు, ఇక్కడ రెండు. అరగాలనుకు యాభై మైళ్ళు పోయే కారు ఎక్కడన్నా ఉందా? నేను పట్టుకునేసరికి భయపడి, తీసింది మళ్ళీ పోశాడు."

"సరిపోయింది గదా, పోనీలే" అన్నాడు మా ఆయన.

"నేను పట్టుకోబట్టి సరిపోయింది."

ప్లీడర్లిద్దరూ తలలూపారు. నా వాదనలో లొసుగు లేదన్నారు. అతను కారు తాళం తెచ్చి అరుగు మీద పెట్టాడు. "తీసిందీ లేదు బాబుగారూ, పోసిందీ లేదు. పెట్రోలు దొంగని పేరు పడ్డాక ఈ ఊళ్ళో ఇంకెవరు బండి ఇస్తారు నాకు?" అని వెళ్ళిపోయాడు.

అతను అన్నట్టే అయింది. అరుగు మీది మాట రెండు రోజుల్లో కోర్టంతా తిరిగింది. అతన్ని పెట్టుకుంటానన్న డాక్టరు వద్దన్నాడు. చివరకు మాచర్ల పోయే బొగ్గుబస్సులో చేరాడు. పెట్రోలు దొరక్క వెనక బొగ్గుపొయ్యి కట్టుకుని తిరిగే బస్సులుండేవి అప్పుడు. స్టీరింగు కాదు, ఆ పొయ్యి రాజెయ్యడం అతని పని.

మూడు నెలలకు కొత్త డ్రైవరుతో మాచర్ల పోయాను. వీధిలో మళ్ళీ బళ్ళు. ఇతను అవతలి చివరనుంచి వచ్చి, కుడి చక్రాలు మెట్టెక్కించాడు. పుల్ల దించాను. ఏడు గీట్లు. యాభై మైళ్ళకు ఒక్క గీటు ఖర్చు.

"నా చేతి మహిమ అమ్మగారూ" అని అతను నవ్వాడు.

మెట్టు మీది చక్రాల వైపు చూశాను. కారు దింపమన్నాను. మళ్ళీ చూశాను. అయిదు. టాంకు మూత ఉన్నవైపు ఎత్తయితే పెట్రోలు అవతలికి పోతుంది, పల్లమైతే ఇవతలికి వస్తుంది. పప్పుగిన్నె వంచే ఏ ఆడదానికైనా తెలిసిన సంగతి. చెప్పినవాడు డ్రైవరు కాకుండా మా కాలేజీ మేష్టరయి ఉంటే వినేదాన్ని. అది నాకు అప్పుడే తెలిసింది. సిగ్గుతో లోపలికి పోయి మా అమ్మ మొహం చూడలేకపోయాను.

నరసరావుపేట వచ్చాక బస్సుల దగ్గరికి వెళ్ళాను. అతను మసి చేతులతో బొగ్గు పోస్తున్నాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పాను, తప్పు నాదేనని.

"ఆ రోజు ఇంత మెల్లగా అనలేదు గదమ్మా" అన్నాడు. "నాకెందుకు చెప్తారు? నాకు తెలుసు గదా. ఆ అరుగు మీద చెప్పండి."

చెప్పాను. ఆ ఇద్దరు ప్లీడర్లూ వచ్చిన రోజు చూసి, పళ్ళెంలో నీళ్ళు పోసి, వంచి చూపించి మరీ చెప్పాను. ఇద్దరూ మర్యాదగా విన్నారు. "ఎంత జాలిగుండె అమ్మా నీది. వాడికి పనిప్పించాలని ఇంత కథ అల్లావు" అన్నాడు పెద్దాయన. నేను అరిచాను. అరిచినకొద్దీ నా జాలి మీద వాళ్ళకు గౌరవం పెరిగింది. దొంగ అన్నప్పుడు ఒక్క ప్రశ్న వెయ్యని మనుషులు, కాదన్నప్పుడు కళ్ళెదుట చూపించినా నమ్మలేదు.

మా ఆయన కొత్త డ్రైవరుతో కబురు చేసి, పాత డ్రైవర్ని మళ్ళీ పనిలోకి రమ్మన్నాడు. అతను రానని కబురంపాడు.

ఆ తరవాత నెల నేను కారు వదిలి, అతను పనిచేసే బొగ్గుబస్సులో మాచర్ల పోయాను. రెంటచింతల దాటాక ఎగుడులో బస్సు మొరాయించింది. అతను వెనకనుంచి దిగి వచ్చి, "అందరూ దిగి నడవండి, బండి ఎక్కదు" అన్నాడు. కండక్టరు నన్ను చూసి, "అమ్మగార్ని ఉండనీయి" అన్నాడు.

"బరువు అందరిదీ ఒకటే" అన్నాడతను, నా వైపు చూడకుండా.

దిగాను. పొగలో దగ్గుకుంటూ బస్సు వెనక నడిచాను.