రాజవ్వ వెన్నులో సూది

మాస్కులు ముక్కుల మీంచి గడ్డాల కిందికి దిగిన ఏడాది, వానాకాలంలో, నిజామాబాదులోని ఒక ఆసుపత్రికి సీనియర్ మత్తు డాక్టరుగా వచ్చాను. ఆ థియేటర్లోని స్పిరిట్ వాసన ఇప్పటికీ నా ముక్కు వదలలేదు. మా హోదా ఏమిటంటే, కోసినవాడికి దండ, నిద్రపుచ్చినవాడికి "మీరెవరు?"

మొదటి వారంలోనే బోధన్ పక్క పల్లె నుంచి రాజవ్వ వచ్చింది. చిన్ననాటి నుంచి చాట ఒళ్లో పెట్టుకుని, వంగి బీడీలు చుట్టిన మనిషి. అడుగేస్తే ఆమె మోకాలు కిర్రుమనే చప్పుడు నిజాంసాగర్ గేట్లదాకా వినిపించేది. కూతురు పట్టుకోనిదే బాత్రూముకు పోలేదు. మోకాలి కీలు మార్చాలి.

మత్తుకు రెండు దారులు. ఒకటి పూర్తి మత్తు: గొంతులో గొట్టం, ఊపిరి యంత్రానిది. రెండోది వెన్నులో సన్నని సూది: నడుము కింద తిమ్మిరి, పైన మెలకువ. పొగాకు దుమ్ముకు ఆమె ఛాతీ పాత హార్మోనియంలా పలుకుతోంది కనుక రెండోదే క్షేమం. రాజవ్వ ససేమిరా అంది.

"నడుముల సూదేస్తే సచ్చేదాక నొస్తదట సారూ. మొత్తం పండవెట్టుండ్రి. లేకుంటే ఇంటికి పోత."

"ఇంటికి పోయి దేకుతవా అవ్వా?" అంది కూతురు, ఏడుపు ఆపుకుంటూ.

నేను స్టూలు లాక్కుని, ఇప్పుడు నడుమెట్లుందని అడిగాను.

"ఎట్లుంటది? లగ్గమైన కాడికెంచి నొస్తనే ఉన్నది."

"అప్పుడు ఏ డాక్టర్ సూదేసిండు అవ్వా?"

రాజవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "గిదా నీ తెలివి!" అని నవ్వి, నవ్వు కన్నా ఎక్కువ దగ్గింది. "సరే తియ్యి. నొచ్చిందనుకో, మీ ఇంట్లకే వచ్చి పంట."

మర్నాడు థియేటర్లో అసలు చిక్కు. ఈ సూదికి రోగి కూర్చుని వెన్ను విల్లులా వంచాలి. అప్పుడే ఎముకల సందు విచ్చుకుంటుంది. రాజవ్వ మాత్రం భయంతో కొయ్యలా బిగుసుకుంది. సూది ఎముకకు తగిలింది. ఇలాగే ఉంటే ఆపరేషన్ వాయిదా. ఆమె ఒళ్లో దిండు పెట్టి, "ఇది చాట అనుకో అవ్వా. బీడీలు చుట్టు" అన్నాను. వేళ్లు కదిలాయి. తల వంగింది, భుజాలు వాలాయి. వెన్నుపూసలు కోట తలుపుల్లా తెరుచుకున్నాయి. సూది సాఫీగా దిగింది.

సర్జన్ సుత్తితో కొట్టడం మొదలుపెట్టగానే తెర ఇవతల రాజవ్వ అంది: "నాకైతే ఏం తెలుస్తలేదు గని, జర మెల్లగ కొట్టుమను సారూ. పక్కోళ్లు లేస్తరు."

తెల్లారి వాకర్ పట్టుకుని, కూతురిని పక్కకు జరగమని, తనంతట తానే బాత్రూముకు నడిచింది.

మోకాలికి ఏ మత్తు మంచిదని ఇప్పటికీ అడుగుతుంటారు. గుండె, ఛాతీ, వాడే మందులు చూడందే చెప్పలేం. కానీ ఒకటి చెప్పగలను: నోరు ఒప్పుకున్నంత మాత్రాన ఒళ్లు ఒప్పుకోదు. రిటైరయ్యేదాకా కేసు షీటులో రోగి చేసే పని ముందు చదివాను, బీపీ తర్వాత.