చివరి పిల్ల వెళ్ళేదాకా

యాభై రెండో ఏట నాకు అక్షరాలు వచ్చాయి. మా వార్డు అంగన్‌వాడీ గదిలో మధ్యాహ్నం పూట పెద్దవాళ్ళకు చదువు చెప్పేవారు. అంతకుముందు బెల్లం మార్కెట్లో దిమ్మలకు గోనె చుట్టే కూలిపని చేశాను. మోకాళ్ళు ఆ పనికి ఒప్పుకోవడం మానేశాక, చదువు చెప్పే టీచరమ్మే ఒక మాట చెప్పింది. హైస్కూలు గ్రౌండులో ఊరి పిల్లలకు సాయంత్రాలు ఫుట్‌బాల్ నేర్పుతున్నారట, ఆడపిల్లలు కూడా వస్తున్నారట, అక్కడ ఉండడానికి ఒక ఆడమనిషి కావాలట.

ఉండడమే పని అనుకుని వెళ్ళాను. కాదు. ఆట మొదలయ్యే లోపు గ్రౌండంతా నడిచి గాజుపెంకులు, మేకులు ఏరాలి. గోల్‌పోస్టు పిల్లల మీద పడకుండా దాని కాళ్ళ మీద ఇసక మూటలు ఉన్నాయో లేదో చూడాలి. పిల్లల చెవి దుద్దులు, కాలి పట్టీలు తీయించి, ఎవరివి వాళ్ళవి కాగితంలో పొట్లం కట్టి పైన పేరు రాయాలి. తలకు బంతి గట్టిగా తగిలిన పిల్ల ఎంత ఏడ్చినా ఆ పూట మళ్ళీ ఆడనివ్వకూడదు. చివరగా, ఏ పిల్ల ఎన్ని గంటలకు ఎవరితో వెళ్ళిందో రిజిస్టరులో రాయాలి. చివరి పిల్ల వెళ్ళేదాకా నేను కదలకూడదు.

చేరిన రోజు కోచ్ నాకొక కాగితం ఇచ్చాడు. ఇక్కడి కుర్రాడే, నన్ను పిన్నీ అంటాడు. "ఇందల రూల్సున్నాయి పిన్నీ. సదివి సంతకం పెట్టు. తొందరేం లేదు" అన్నాడు. ఇంటికి తీసుకెళ్ళి రెండు రోజులు చదివాను. అందులో ఒకటి, పెద్దవాళ్ళెవరూ ఒక్క పిల్లతో ఎవరి కంటా పడని చోట ఉండకూడదని, ఏ పిల్లనీ తమ ఇంటికి తీసుకెళ్ళకూడదని. మంచి రూలే అనుకున్నాను. మగవాళ్ళ కోసం రాసిందనుకున్నాను. సంతకం పెట్టేశాను.

రోజూ ఆఖరున మిగిలే పిల్ల ఒకతె ఉండేది. పదేళ్ళది, గోల్‌కీపరు. తండ్రి బెల్లం మార్కెట్లో మూటలు మోసే కళాసీ. తల్లి అచ్యుతాపురం వైపు బట్టల కంపెనీలో షిఫ్టు పని, కంపెనీ బస్సు ఎప్పుడు దింపితే అప్పుడే ఇల్లు. అందరూ వెళ్ళాక మేమిద్దరం గేటు దగ్గర సిమెంటు దిమ్మ మీద కూర్చునేవాళ్ళం. పక్కనే వాచ్‌మన్ గది.

"మామ్మా, సిన్నప్పుడు నువ్వు ఏ పొజిషన్ ఆడీదానివి?"

"గడ్డి కోసే పొజిషను."

"అయితే డిఫెన్సే. ముందుకెల్లరు, వొంగునే ఉంటారు."

ఆ పిల్ల మాటలు అలా ఉండేవి. వాళ్ళ నాన్న నన్ను అక్క వరసన అప్పా అనేవాడు. సైకిలు దిగి "ఏటప్పా, బుర్ర తినీసిందేటి?" అని అడిగి రిజిస్టరులో సంతకం పెట్టేవాడు. వాళ్ళు వెళ్ళాక నేను ఇంటికి వచ్చేదాన్ని. నాకు పిల్లలు లేరు. మా ఆయన పోయి ఎనిమిదేళ్ళు. గ్లాసెడు బియ్యం వండితే రెండు పూటలు వచ్చేది. గ్రౌండులో అంత అరుపుల మధ్య ఉండి వచ్చాక గదిలో గిన్నె కింద పెట్టిన చప్పుడు కూడా పెద్దగా వినిపించేది.

ఆ రోజు వాయుగుండం వాన. ఆట సగంలో ఆపేశారు. ఒక పిల్ల చీలమండ మెలిక పడితే కోచ్, ఆ పిల్ల వాళ్ళక్కను కూడా ఎక్కించుకుని ఆటోలో ఆసుపత్రికి వెళ్ళాడు. "నువ్వున్నావు కదా పిన్నీ" అని వెళ్ళాడు. మిగతా పిల్లల్ని ఇళ్ళవాళ్ళు వచ్చి తీసుకుపోయారు. వాచ్‌మన్ ఆ పూట సెలవు. స్కూలు వరండా నిండా జల్లు కొడుతోంది. మిగిలింది ఆ గోల్‌కీపరు పిల్లే. బట్టలు తడిసి ఒంటికి అంటుకుని, పళ్ళు టకటకలాడుతున్నాయి. తండ్రికి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మూట మోసేటప్పుడు ఆయన చొక్కా మేకుకి ఉంటుంది, ఫోన్ చొక్కాలో ఉంటుంది. అది నాకు తెలుసు.

మా ఇల్లు మూడు వీధుల అవతల. తడిసిన పిల్లని, ఆకలేస్తోందన్న పిల్లని, వానలో నిలబెట్టి ఉంచడం మా దగ్గర ఎవరూ చెయ్యరు. మార్కెట్లో పని చేసిన రోజుల్లో ఎవరి పిల్లలు ఎవరింట్లో తిన్నారో సాయంత్రం దాకా అడిగేవాళ్ళమే కాదు. గేటు దగ్గరికి వేసి, పిల్ల నెత్తిన కొంగు కప్పి తీసుకుపోయాను.

తల తుడిచాను. నా పాత నూలుచీర చుట్టాను. వేడన్నంలో చారు పోసి, రెండు అప్పడాలు కాల్చి పెట్టాను.

"మామ్మా, నీ ఇంట్ల ఎవులూ లేరేటి?"

"నువ్వున్నావు కదే."

"నాను లెక్కేటి. ఎల్లిపోతాను కదా."

తిని చాప మీద పడుకుని, గోల్‌లో బంతికి దూకినట్టే చేతులు రెండూ చాపి నిద్రపోయింది.

ఇక్కడ నిజం ఒకటి రాయాలి. నా ఫోన్ తడిసింది. దాన్ని ఆపేసి బియ్యం డబ్బాలో పెట్టాను. తడిసిన ఫోన్‌ని అలా పెడితే బాగవుతుందంటారు, అందరూ చేసేదే. కానీ నా ఫోన్ అంతగా తడవలేదు. తుడిస్తే సరిపోయేది. మళ్ళీ ఫోన్ చేస్తే తండ్రి వచ్చి తీసుకుపోతాడు. ఇంకాసేపు ఉంటే ఏమవుతుందిలే అనుకున్నాను. పక్కన కూర్చుని ఆ పిల్ల ఊపిరి వింటూ ఉన్నాను.

గంట దాటింది. తలుపు కొట్టారు. తండ్రి, వెనక తల్లి, వాళ్ళ వెనక కోచ్. ముగ్గురూ తడిసి ఉన్నారు. తర్వాత తెలిసింది: తండ్రి గ్రౌండుకి వచ్చి ఎవరూ లేకపోతే స్కూలు గదులన్నీ తిరిగాడట. నా ఫోన్ పలకలేదు. కోచ్‌కి చేస్తే, "పిన్ని అక్కడే ఉంటాది, పిల్లని వొదిలి ఎక్కడికీ ఎల్లదు" అన్నాడట. తండ్రి రైల్వే స్టేషన్ దాకా పరుగెత్తాడట. తల్లి బస్సు దిగేసరికి పిల్ల కనబడడం లేదన్న మాట ఎదురైంది. నేను పిల్లని ఇంటికి తీసుకెళ్ళి ఉంటానని కోచ్‌కి చివరిదాకా తోచలేదు. అంత నమ్మాడు.

"వానకి తడిసిపోతంటే తీసుకొచ్చేను బాబూ" అన్నాను.

తండ్రి పిల్లని లేపి నిలబెట్టి, చేతులూ మొహమూ తడిమి చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. అప్పా అనలేదు.

"మీరు ఎవులో మాకేటి తెలుసు? గ్రౌండు కాడ సూసేం, అంతే కదా."

గట్టిగా కూడా అనలేదు. ఆయన చెప్పింది నిజమే. నేను రోజూ వాళ్ళ పిల్లని చూస్తున్నాను కానీ వాళ్ళు నన్ను చూసింది ఒక్క సంతకం పెట్టేంత సేపు.

తల్లి గడప దాటి లోపలికి రాలేదు. పిల్లని బయటికి పిలిచి, నా చీర విప్పి, తడి జెర్సీయే మళ్ళీ తొడిగింది. చీర మడిచి గడప మీద పెట్టింది. "అమ్మా, మామ్మ అన్నం ఎట్టింది" అని పిల్ల చెబుతూనే ఉంది. వీధి మలుపు దాకా ఆ గొంతు వినిపించింది.

మర్నాడు కోచ్ నన్ను కూర్చోబెట్టాడు.

"పిన్నీ, నువ్వు సెడ్డ పని సేసేవని నాను అనను. కానీ రేపు ఇంకెవడో తీసుకెల్తాడు. వానొచ్చింది, అన్నం ఎట్టేనంటాడు. వోడికి నానేటి సెప్పాలి? పిన్ని సేస్తే ఒప్పు, నువ్వు సేస్తే తప్పు అనాలా?"

"ఆ రూలు మగోళ్ళకనుకున్నాను బాబూ."

"అందరికీ పిన్నీ. నాకూ, నీకూ."

ఫోన్ సంగతి అతనికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఆ పిల్ల పది రోజులు ఆటకి రాలేదు. గోల్‌లో ఇంకొకతె నిలబడి బంతులన్నీ వదిలేస్తుంటే పిల్లలు ఆ పిల్ల పేరే తలుచుకునేవారు. నావల్ల ఒక పిల్ల ఆట ఆగిపోయింది. పని మానేస్తానన్నాను. "నువ్వు మానేస్తే ఆడపిల్లలందర్నీ మానిపించేస్తారు" అన్నాడు కోచ్. ఉండిపోయాను.

అతను ఆ పిల్ల ఇంటికి మూడుసార్లు వెళ్ళాడు. అప్పటినుంచి పద్ధతి మారింది. చివరి పిల్ల వెళ్ళేదాకా ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి. నాతో పాటు వాచ్‌మన్ భార్య కూర్చుంటుంది. ప్రతి ఇంటికీ ఒక కాగితం ఇచ్చారు. పిల్లని ఎవరెవరు తీసుకెళ్ళవచ్చో మూడు పేర్లు రాసివ్వాలి. ఆ పేర్లలో లేనివాళ్ళు ఎవరొచ్చినా, మేనమామ వచ్చినా, పంపకూడదు.

పదకొండో రోజు ఆ పిల్ల వచ్చింది, తల్లితో. కాగితం నా ఎదుటే నింపారు. మొదట తండ్రి పేరు, తర్వాత తన పేరు రాసి తల్లి ఆగింది.

"మామ్మ పేరు రాయమ్మా" అంది పిల్ల.

తల్లి నా వైపు చూడలేదు. పక్కింటావిడ పేరు రాసి నా చేతికి ఇచ్చింది. నాకు చదువు రాదని అనుకుందేమో, "అన్నీ సరిగ్గానే రాసేనమ్మా" అంది. మూడు పేర్లూ మనసులో చదువుకుని ఫైల్లో పెట్టాను.

ఇప్పుడూ ఆ పిల్లే ఆఖరున మిగులుతుంది. ఇదివరకులా నా పక్కన కాకుండా, వాచ్‌మన్ భార్యకు అవతల కూర్చుంటుంది. మొన్న తుప్పర పడింది.

"ఆకలేత్తంది మామ్మా. మీ ఇంటికి పోదాం."

"వొద్దు. కూకో. మీ నాన్న వత్తాడు."

"పక్కనే కదా."

"పక్కనే. వొద్దు."

అంత గట్టిగా అంటాననుకోలేదు. పిల్ల మొహం గేటు వైపు తిప్పేసుకుంది. కాసేపటికి తండ్రి కాదు, పక్కింటావిడ గొడుగు పట్టుకుని వచ్చింది. ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు. పేరు అడిగాను, ఫైలు తీసి మూడో పేరుతో సరిచూశాను, తండ్రికి ఫోన్ చేశాను. ఈసారి ఆయన ఎత్తాడు. "అవును, ఆవిణ్ణే పంపేను" అన్నాడు. ఫోన్ పెట్టేసే ముందు, "అడిగేరు, మంచిది" అన్నాడు.

సంతకం పెట్టించుకుని పిల్లని పంపాను. ఆవిడ గొడుగు కిందికి లాక్కుని, పిల్ల భుజం మీద చెయ్యి వేసి నడిపించుకుపోయింది. వాచ్‌మన్ భార్య లేచి లోపలికి వెళ్ళింది. నేను టైము రాసి, వరండాలో ఇంకెవరూ లేరని చూసి గేటు వేశాను.