లోట్ నది ఒడ్డున ‘వస్తానమ్మా’

పోయిన ఆదివారం మా స్నేహితులు తమ పెళ్ళిరోజు పార్టీ ఒక ద్రాక్షతోటలో పెట్టుకున్నారు. అమెరికాలో మేముండే షాంటిలీ నుంచి పడమరకి కాసేపు డ్రైవ్ చేస్తే కొండల వాలులో అలాంటి తోటలు చాలా ఉన్నాయి. అందరూ తీగల మధ్య నిలబడి ఫొటోలు దిగుతున్నారు. నేను మాత్రం చేతిలో సమోసా ప్లేటుతో, మావారు ఎటు వెళ్ళారా అని ఒక్కో వరసలోకీ తొంగిచూస్తున్నాను. ఆయన రెస్ట్‌రూమ్‌కి వెళ్ళారంతే. తిరిగొచ్చి నా మొహం చూసి, "ఆ ఫ్రాన్స్ నిన్నింకా వదల్లేదా?" అన్నారు. వదల్లేదు. ద్రాక్షతోట చూస్తే అందరికీ ఏం గుర్తొస్తుందో గానీ నాకు అరచేతుల్లో చెమట పడుతుంది.

నాది పుట్టు కంగారని మా ఇంట్లో అందరూ ఒప్పుకున్న సంగతే. స్టవ్ ఆపానో లేదో అని హెర్న్‌డన్‌లో ఆఫీస్ దాకా వెళ్ళి వెనక్కి తిరిగొచ్చిన రోజులున్నాయి. దానికి తోడు ఏళ్ళ తరబడి వీసా మీద బతికినవాళ్ళం. గీత దాటితే మళ్ళీ లోపలికి రానిస్తారో లేదో అన్న బెంగతో ఇండియా తప్ప ఇంకో దేశం మొహం చూసి ఎరగం. గ్రీన్‌కార్డ్ చేతికొచ్చిన ఏడు, "ఇప్పుడైనా కాస్త ఊపిరి పీల్చుకోండి, ఎక్కడైనా నడుద్దాం" అన్నది మావారి అన్నగారు, అంటే మా బావగారు. ఆయన మాకన్నా చాలా ముందు ఈ దేశానికి డాక్టరుగా వచ్చారు. ఆపరేషన్‌కి ముందు మత్తుమందిచ్చే డాక్టరు. రిటైరయ్యి ఫ్రీమాంట్‌లో ఉంటున్నారు. భయపడేవాళ్ళని మాటలతో చల్లబరచడం జీవితమంతా చేసిన పని కాబట్టి నన్ను కూడా చల్లబరచగలనని ఆయన నమ్మకం. నా దగ్గర ఆయన పప్పులేమీ ఉడకలేదు. డెబ్బై ఐదు దాటినా ఆయన నడకని వదల్లేదు, షుగరు ఆయన్ని వదల్లేదు. భోజనానికి ముందు ఇన్సులిన్ పొడుచుకోవలసిందే.

ఆయన మమ్మల్ని తీసుకెళ్ళింది ఫ్రాన్స్‌లో నైరుతి వైపున్న లోట్ అనే నది దగ్గరికి. "పేరేమో లోటు, నీళ్ళకి మాత్రం ఏ లోటూ లేదు" అని బావగారు మొదటి రోజే జోకేసి, దాన్ని రోజూ తాజాగా వాడుకున్నారు. ఆ నది తిన్నగా పోవడమన్నది ఎరగదు. జిలేబీ చుట్టినట్టు మెలికలు తిరుగుతుంది. మెలిక లోపలి నేలంతా ద్రాక్షతోటలు, బయటి వైపు సున్నపురాయి కొండలు. మేమక్కడికి వెళ్ళేసరికి కోతలు ఇంకా మొదలుకాలేదు. నల్లటి గుత్తులు ఆకుల కింద దుమ్ము పట్టి వేలాడుతున్నాయి. ఒక ఊళ్ళో మకాం పెట్టి, పగలంతా తోటల మధ్య, నది పక్కన, వాల్‌నట్ చెట్ల కింద నడిచి, సాయంత్రానికి మళ్ళీ బసకి చేరడం. మధ్యాహ్నానికి పొడవాటి రొట్టె, జున్ను, నేను షాంటిలీ నుంచి మోసుకొచ్చిన కందిపొడి. రొట్టెని చీల్చి మధ్యలో కందిపొడి, వెన్న పెట్టుకుని తింటుంటే దారినపోయే ఫ్రెంచివాళ్ళు మర్యాదగా తల తిప్పుకునేవాళ్ళు. మావారు, నేను, కాలేజీలో చేరబోతున్న మా అమ్మాయి, బావగారు, మొత్తం మేం నలుగురం. అమ్మాయికి తెలుగు బాగానే అర్థమవుతుందని మా గొప్ప. చుట్టాలందరి ముందూ ఆ మాట చెప్పుకునేదాన్ని.

మూడో రోజో నాలుగో రోజో, ఎండ బాగా కాస్తోంది. తోటలు దాటి ఒక కొండ మొదట్లోకి చేరాం. అక్కడే కూచుని తింటామనుకుని బావగారు చెట్టు చాటుకి వెళ్ళి ఇన్సులిన్ తీసుకున్నారు. మావారికి అది తెలియదు. ఆయనకి కొండ కనిపిస్తే ఎక్కాలి. "పైన వ్యూ బాగుంటుంది, అక్కడ తిందాం" అంటూ తిండి సంచీ వీపుకి తగిలించుకుని అప్పటికే సగం ఎక్కేశారు. నేను ఆయన వెనక, నోటితో ఊపిరి పీలుస్తూ. పైకి చేరి దుప్పటి పరిచి చాలాసేపయ్యాక మా అమ్మాయి ఒక్కతే వచ్చింది.

"పెదనాన్న ఏరే?"

"వెనకాల ఉన్నారు. వస్తా అన్నారు. హి టుక్ హిజ్ షాట్, సో ఆయనకి ఫుడ్ రెడీ చెయ్యి."

అప్పుడు తెలిసింది ఇన్సులిన్ సంగతి. నా చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. కింద దారి మలుపు వైపే చూస్తూ కూచున్నాం. ఎవరూ రాలేదు. మావారు, "మెల్లగా ఎక్కుతుంటాడులే" అన్నారు గానీ రొట్టె ఆయనా ముట్టుకోలేదు. ఇన్సులిన్ ఒంట్లోకి వెళ్ళి, తిండి వెళ్ళకపోతే ఏమవుతుందో డాక్టర్లున్న ఇంట్లో కోడలికి ఒకరు చెప్పనక్కర్లేదు. చెమటలు, వణుకు, మాట తడబడటం, ఆ తర్వాత పడిపోవడం. నేను అమ్మాయి భుజాలు పట్టుకుని, "ఆయన సరిగ్గా ఏమన్నారో చెప్పు, ఒక్క ముక్క వదలకుండా" అన్నాను.

"‘మరి నేను వస్తానమ్మా’ అన్నారు. చెయ్యి ఇలా ఊపారు. నేను ఓకే అని ఎక్కేశా."

‘మరి’ అన్నారు. చెయ్యి ఊపారు. ఆయన కొండ ఎక్కి వస్తానన్లేదు, సెలవు తీసుకున్నారు. ఎక్కడం కన్నా బసకి వెళ్ళిపోయి ఇంత సూప్ తాగడం దగ్గర దారి అనుకుని, పద్ధతిగా పిల్లకి చెప్పి మరీ వెళ్ళిపోయారు. ఇల్లు కదిలే మనిషి ‘వెళ్తాను’ అనకూడదనీ, ‘వస్తాను’ అనే వెళ్ళాలనీ దానికి మేమెవ్వరం ఎప్పుడూ చెప్పలేదు. ఇలాంటివి కూడా చెప్పి నేర్పాలని మాకు తోచలేదు.

బసకి ఫోన్ చేశాం. అక్కడి ఆవిడ వచ్చీరాని ఇంగ్లీషులో, ముసలాయన రాలేదు, ఆయన ఫోన్ మాత్రం గదిలో ఛార్జింగ్‌కి పెట్టి ఉందని చెప్పింది. అంటే ఆయన వెనకా లేరు, ముందూ లేరు. దుప్పటి కూడా అక్కడే వదిలేసి దిగాం. ఎక్కినప్పుడు అందంగా కనిపించిన తోట, దిగాక నా పాలిట శత్రువైంది. ఎటు చూసినా ఒకటే వరసలు, ఒకటే ఎత్తు, ఒకటే ఆకులు. ఒక వరసలో చూస్తుంటే పక్క వరసలో పడి ఉన్నారేమోనని గుండె పీకుతోంది. మావారు ఆఫీస్‌లో కూడా గొంతు పెంచని మనిషి, "అన్నయ్యా" అని ఆ తోటంతా మారుమోగేలా పిలుస్తున్నారు. ఆ గొంతులో చిన్నపిల్లవాడు వినిపించి నాకు ఏడుపొచ్చింది. మా అమ్మాయి ఏడవట్లేదు. పరిగెడుతూ తనలో తను, "హి సెడ్ కమింగ్, హి సెడ్ కమింగ్" అనుకుంటోంది. ఆయనకేమన్నా అయితే ఈ పిల్ల జన్మంతా ఆ మూడు ముక్కలూ అనుకుంటూనే ఉంటుందని నాకు స్పష్టంగా తెలిసిపోయింది. అప్పటిదాకా బావగారి కోసం భయపడుతున్నదాన్ని, ఆ క్షణం నుంచి ఇద్దరి కోసం భయపడ్డాను.

చివరికి ఆయన్ని చూసింది అదే. ఒక వరస చివర గులాబీ మొక్క పక్కన, నేల మీద కాళ్ళు చాపుకుని కూచున్నారు. చొక్కా తడిసి ముద్దయింది. తెల్ల మీసం ఊదారంగుకి తిరిగింది. ఒళ్ళో ద్రాక్ష తొక్కలు, గింజలు. చేతులు ఇంకా వణుకుతున్నాయి గానీ కళ్ళు మమ్మల్ని గుర్తుపట్టాయి. నదిని ఎడమపక్క పెట్టుకుని నడిస్తే ఊరొస్తుందని ఆయన లెక్క. మెలికలో రెండు పక్కలా అదే నది ఉంటుందని తట్టలేదు. తిరిగి తిరిగి చెమటలు మొదలవగానే కూలబడి, చేతికందిన గుత్తి కోసుకున్నారట.

"ఆపరేషన్‌కి ముందు నా పేషెంట్లకి నేను తిండి వద్దన్నట్టే, షుగరని ఏళ్ళ తరబడి నాకూ ద్రాక్ష వద్దన్నారు కదరా" అన్నారు తమ్ముడితో, మాట ఇంకా కాస్త ముద్దగా. "అడగడానికి తోటవాడెవడూ కనపళ్ళేదు."

మావారు నవ్వలేదు. పక్కన కూలబడి రొట్టె తుంచి నోట్లో పెట్టారు. బావగారు మెల్లగా తేరుకుని అమ్మాయి వైపు చూసి, "నీకు చెప్పే కదమ్మా వచ్చాను" అన్నారు.

"యూ సెడ్ యూ వర్ కమింగ్, పెదనాన్నా" అని అప్పుడు ఏడ్చింది అది.

ఆయనకి అర్థం కావడానికి కాస్త టైమ్ పట్టింది. అర్థమయ్యాక రొట్టె నమలడం ఆపేశారు. "వెళ్తా అంటే మళ్ళీ రానట్టు ఉంటుందమ్మా. అందుకని అనం."

"సరే, కానీ నాకు మాత్రం ఇంగ్లీష్‌లో చెప్పండి. ప్లీజ్."

ఆయన మాట నిలబెట్టుకున్నారు. తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్ట్‌లో మా ఇద్దరికీ "వస్తా" అని చెప్పి, దానివైపు తిరిగి, "అయామ్ గోయింగ్" అన్నారు. అది నవ్వి ఆయన్ని వాటేసుకుంది. ఆ ఇంగ్లీషులో ఏ తప్పూ లేదు, ఉన్న సంగతే చెప్పింది. నాకు పడనిది అదే.

ఈమధ్య ఆయన నడక ఇంటి ముందు వీధికి తగ్గింది. మాటలు ఫోన్‌లోనే. మొన్న అమ్మాయి కూడా లైన్‌లో ఉండగా, చెప్పాల్సినవన్నీ అయ్యాక అలవాటుగా "సరే తల్లీ, ఉంటాను మరి" అన్నారు. అది ఊరుకునే రకం కాదు. "ఉంటానంటే? వెళ్తున్నారా, ఉంటున్నారా?"

ఆయన కాసేపు నవ్వారు. "ఫోన్ పెట్టేటప్పుడు అలాగే అంటామమ్మా."

"ఓకే" అంది అది. "దెన్ స్టే."

ఆయన మళ్ళీ, ఈసారి నెమ్మదిగా, "ఉంటాను" అన్నారు. ఎనభై దాటిన మనిషి ఆ మాట అంటే అది సెలవు తీసుకోవడమో, కాలాన్ని ఇంకాస్త గడువు అడగడమో నాకు తెలియదు గానీ, రోజురోజుకీ ఆ మాట వినకుండా ఫోన్ పెట్టేయడానికి నాకు భయం పెరుగుతోంది.