మిఠ్ఠూ చెప్పిన లెక్క

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే, ఎన్ని ఉన్నాయి, ఎవరు లెక్కపెట్టారు అని అడిగే మనిషిని నేను. పదో తరగతి దాటలేదు. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. ముందు నుంచి లెక్కపెట్టింది వెనక నుంచి మళ్ళీ లెక్కపెడతాను. ఈ సంగతి కూడా అలాగే సరిచూసుకుని రాస్తున్నాను.

రాష్ట్రం ఇంకా ఒకటిగా ఉన్న రోజులు. సికింద్రాబాద్‌లో, రాంగోపాల్‌పేట్ దగ్గర ఒక పశువుల ఆసుపత్రిలో స్టోర్ చూసేవాణ్ణి. అక్కడ పశువైద్యులకు కుక్కలు, పిల్లుల ఆపరేషన్లలో ఆరు వారాల ప్రత్యేక శిక్షణ ఇచ్చేవారు. వచ్చేవాళ్ళంతా జిల్లాల్లో ఎడ్లకూ గేదెలకూ వైద్యం చేసినవాళ్ళే.

"బర్రె కడుపుల భుజం దాకా చెయ్యి పెట్టినోళ్ళకు, పిల్లి కడుపుల రెండేళ్ళు పెట్టుడు నేర్పాలె" అని నవ్వేవాడు కాంపౌండర్ యాదగిరి.

రక్తం అద్దే గాజ్‌గుడ్డ ముక్కలు లెక్కపెట్టడం నా పని. పది ముక్కలు ఒక కట్ట. అదే గుడ్డ పీలికతో కట్ట కట్టి, ఆవిరిలో శుభ్రం చేయించేవాణ్ణి. ఆపరేషన్‌కు రెండు కట్టలు. ఇరవై ముక్కలూ తిరిగి నా ట్రేలోకి వస్తేనే కడుపు మూయాలి. ఒక్కటి లోపల ఉండిపోయినా చీము పట్టి ప్రాణం పోతుంది.

యాదగిరికి మిఠ్ఠూ అనే చిలక ఉండేది. దాని పంజరం వరండాలో, ఆపరేషన్ గది కిటికీ పక్కన వేలాడేది. కొత్త డాక్టర్లను హడలగొట్టడానికి, నా లెక్క పూర్తయ్యే సమయానికి యాదగిరి "ఏక్ కమ్" అనేవాడు. ఒకటి తక్కువ అని. చిలక ఆ మాట పట్టేసింది. నేను "సరిపోయింది" అనగానే "ఏక్ కమ్, ఏక్ కమ్" అని రెండుసార్లు అరిచేది. నోటుపుస్తకంలో గీతలు పెట్టాను. నలభై ఒక్క ఆపరేషన్లలో అన్నది, నలభై ఒక్కసార్లూ తప్పే.

"నీ చిలకకు తీసివేతలు రావయ్యా" అనేవాణ్ణి.

"నీ దగ్గరనే నేర్చింది గదనే" అనేవాడు.

ఆ వేసవిలో మిఠ్ఠూ చనిపోయింది. వెనక నిమ్మచెట్టు కింద మేమిద్దరమే పాతిపెట్టాం. యాదగిరి పంజరాన్ని నేరేడ్‌మెట్‌లోని తన ఇంటికి తీసుకుపోయాడు. ఆరు రోజుల తర్వాత కొత్త బ్యాచ్ వచ్చింది. అందులో ఏలూరు వైపు నుంచి వచ్చిన డాక్టర్ సునీత గారు ఒకరు.

చిలక పోయిన పదిహేడో రోజు. పొద్దున పదకొండు గంటలు. బొల్లారం నుంచి ఒక రిటైరైన టీచరమ్మ లల్లీ అనే తెల్ల కుక్కను తెచ్చారు. గర్భసంచిలో చీము పట్టింది. సునీత గారు సొంతంగా చేస్తున్న మొదటి ఆపరేషన్. టీచరమ్మ లల్లీ గొలుసు చేతికి చుట్టుకుని వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. "లేవగానే బిస్కెట్ పెట్టొచ్చా బాబూ?" అని నన్ను మూడుసార్లు అడిగారు.

మధ్యలో ఒక రక్తనాళం ముడి జారింది. సునీత గారు చేతికి ఏది అందితే అది తీసి అద్దారు. రక్తం ఆగింది. నేను ముక్కలు ట్రేలో పరిచాను. ఇరవై. వెనక నుంచి కూడా ఇరవై.

"సరిపోయింది మేడమ్" అన్నాను. ఆవిడ సూది అందుకున్నారు.

కిటికీ అవతల నుంచి "ఏక్ కమ్, ఏక్ కమ్" అని వినిపించింది.

నేను కిటికీ వైపు తిరిగాను. సునీత గారు తలెత్తారు. "ఎవరండీ అక్కడ? ఏక్ కమ్ అంటే ఏంటి?"

"ఒకటి తక్కువ అని మేడమ్."

"మీరు ఇరవై అన్నారుగా?"

"అన్నాను. ఇరవయ్యే."

ఆవిడ ఒక్క క్షణం నా వంక చూసి, సూది పక్కన పెట్టి, లల్లీ కడుపులో మళ్ళీ వెతికారు. ఎడమ మూత్రపిండం పక్క నుంచి, రక్తంతో తడిసిన సన్నటి పొడుగు పీలిక ఒకటి బయటికి వచ్చింది. నేను కట్ట కట్టిన పీలిక. తొమ్మిదేళ్ళుగా నేనే కడుతున్నాను. ముక్కలు లెక్కపెట్టాను గానీ, కట్టిన పీలికను ఒక్కనాడూ లెక్కలోకి తీసుకోలేదు.

కుట్లు పూర్తయ్యాక వరండాలోకి పరుగెత్తాను. టీచరమ్మ తప్ప ఎవరూ లేరు.

"ఎవరూ రాలేదు బాబూ. చిలక అరిచింది, భలే మాట్లాడుతోంది. ఎక్కడ కట్టారో కనపడలేదు" అన్నారావిడ.

యాదగిరి ఆ రోజు సెలవులో, వరంగల్‌లో బంధువుల పెళ్ళిలో ఉన్నాడు. వచ్చాక చెప్పాను. కళ్ళు తుడుచుకుని, "జెర లేటైనా నేర్చింది సూడు" అని నవ్వాడు.

లల్లీ మూడో రోజు బిస్కెట్ తిన్నది. నేను మిఠ్ఠూ సంగతి చెబితే విన్న సునీత గారు శిక్షణ పూర్తిచేసి, వెళ్ళేటప్పుడు నిమ్మచెట్టు చూపించమని అడిగి మరీ చూసి వెళ్ళారు. నేను అప్పటి నుంచి కట్టలకు ఎర్ర దారం కట్టి, దారాలు కూడా లెక్కపెడుతూ వచ్చాను.

ఆసుపత్రి చుట్టూ చెట్ల మీద చిలకలను వారం రోజులు గమనించాను. చాలానే ఉన్నాయి. మాట్లాడేది ఒక్కటీ లేదు.

నోటుపుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. తప్పు గడిలో నలభై ఒక్క గీతలు, ఒప్పు గడిలో ఒకటి. ముందు నుంచి, వెనక నుంచి ఎన్నిసార్లు కూడినా నలభై రెండే వస్తోంది. బతికున్న చిలక అన్నవి మాత్రం నలభై ఒకటే.