నిలబెట్టి గీసిన గీత

మంగళవారం పొద్దున వార్డులో కట్లు మారుస్తుండగా ఆయమ్మ నా పక్కకు వచ్చి మెల్లగా చెప్పింది. "పెద్ద మేడం పోయిండ్రట బిడ్డా. రాత్రి నిద్రల్నే." నాకు సర్జరీ నేర్పిన మేడం ఇక లేరు. చేతిలో ఉన్న కట్టు పూర్తిచేశాకే పక్కకు వచ్చాను. మధ్యలో వదిలేస్తే ఆమె ఊరుకునేవారు కాదు.

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేను. అమ్మ ఎనుమాముల మార్కెట్లో మిర్చి తొడిమలు తీసేది. హౌస్ సర్జన్‌గా దవాఖానలో అడుగుపెట్టిన రోజు ఎక్కడ నిలబడాలో తెలియక గోడకు ఆనుకున్నాను. "గోడ పడిపోదులే, ఇటు రా," అన్నారు మేడం. అదీ మా పరిచయం.

ఆమె కూర్చోగా చూసినవాళ్లు తక్కువ. చాయ్ కూడా నిలబడే తాగేవారు. వరండాలో ఆమె చెప్పుల చప్పుడు వింటే మాకు పరుగే. ఆమె తొందరపడని పని ఒకటుండేది, ఆపరేషన్‌కు ముందు రోగి ఒంటిమీద సిరాతో గీతలు గీయడం. రోగిని నిలబెట్టే గీసేవారు. "పడుకుంటే ఒళ్లు పక్కకు జారుతుంది. మనిషి బతికేది నిలబడి కదా," అనేవారు.

అప్పట్లో రొమ్ములో క్యాన్సర్ గడ్డ అంటే రొమ్మంతా తీసేయడమే. గడ్డ చిన్నదైతే ఆ మేరకే తీసి, తర్వాత హైదరాబాద్‌లో రేడియేషన్ కరెంటు పెట్టిస్తే చాలని మేడం నమ్మేవారు. కానీ తీసినచోట గుంట పడుతుంది. దాన్ని నింపడానికి ఆమె మాకు రెండు దారులు చెప్పేవారు. ఒకటి, మిగిలిన రొమ్మునే కదిపి సర్దడం. త్వరగా కోలుకుంటారు, కానీ రొమ్ము చిన్నదవుతుంది. రెండోది, వీపు కండను పైచర్మంతో సహా, రక్తనాళం తెగకుండా, చంక కింద నుంచి ముందుకు తిప్పి తేవడం. నిండుగా వస్తుంది, కానీ వీపు మీద ఇంకో కోత, భుజానికి కొంత బలం తక్కువ. ఈ రెండోదాని బొమ్మను పుస్తకంలో చూసినప్పుడు నేను నమ్మలేదు. ఒకచోటి కండ ప్రాణంతోనే ఇంకోచోటికి వెళ్లి బతుకుతుందా!

ఒకసారి పత్తి ఏరే కూలీ ఒకామె రొమ్ములో చిన్న గడ్డతో వచ్చింది. "కష్టం చేసుకునే మనిషి. చెయ్యి ఆడితే చాలు, మొదటిదే చేద్దాం మేడం," అన్నాడు మా సీనియర్. మేడం కూడా అదే అనుకుంటున్నారని నాకు తెలుసు. అయినా, "ఆమెను అడిగినవా?" అన్నారు.

ఆమె మంచం పక్కన నిలబడి రెండు దారులూ విడమరిచి చెప్పారు.

"వీపులకెళ్లి తీస్తే పత్తి మూట లేపస్తదా అమ్మా?" అని అడిగిందామె.

"లేపస్తది. గని ఆ చెయ్యి మునుపటంత గుంజకపోవచ్చు."

"మూట మా ఆయన లేపుతడు. ఇన్నేండ్లు నేనే లేపిన, ఆయనకూ తెల్వాలె బరువు." ఆయమ్మ కిసుక్కున నవ్వింది. కూలీ ఆమె మాత్రం గొంతు తగ్గించింది. "జర సిగ్గైతాంది గని... తానం చేసేటప్పుడు నన్ను నేను చూసుకుంట గద. నాకు గుంట వద్దమ్మా. నిండుగ చెయ్యి."

సీనియర్ తల దించుకున్నాడు. మేడం సరేనన్నారు. "పనికి తొడుక్కొని పోయే రైక రేపు తొడుక్కో," అన్నారు.

ఎందుకో మర్నాడు తెలిసింది. ఆమెను నిలబెట్టి, రైక అంచులు ఎక్కడికి వస్తాయో వీపు మీద చుక్కలు పెట్టుకుని, కోత గీతను వాటి లోపలే గీశారు. పొలంలో వంగినా ఆ మచ్చ ఎవరికీ కనపడదు.

ఆపరేషన్‌లో కండను ముందుకు తెచ్చాక మేడం ఆ చర్మం అంచున సూదితో గుచ్చారు. ఎర్రటి చుక్క పైకి ఉబికింది. "చూడు, బతికే ఉంది," అన్నారు. ఆ చుక్క మీంచి చాలాసేపు చూపు తిప్పుకోలేకపోయాను.

కట్టు విప్పిన రోజు వార్డులో అద్దం లేదు. మేడం తన సంచిలోంచి చిన్న గుండ్రటి అద్దం తీసి ఆమె ముందు పట్టుకున్నారు.

"ఇది నాదేనా అమ్మా?"

"నీదే. ఎనుకకెళ్లి ముందలికొచ్చింది, అంతే."

ఆమె ఇటు తిరిగి చూసుకుంది, అటు తిరిగి చూసుకుంది. బయట ఓపీ లైను మెట్లదాకా పెరిగింది. సిస్టర్ తలుపు దగ్గరికి వచ్చి మళ్లీ వెళ్లిపోయింది. కిటికీలో పెట్టిన మేడం చాయ్ మీద మీగడ కట్టింది.

"చూసుకో, తొందరేం లేదు," అన్నారు మేడం. ఆమె తిరిగిన వైపల్లా అద్దమూ మెల్లగా తిరుగుతూనే ఉంది.