తీగలు విప్పాక మోగిన ట్రాన్స్‌ఫార్మర్

ఆ మధ్యాహ్నం జమ్మికుంటలోని రిపేరు షెడ్డులో నలుగురం ఉన్నాం. షెడ్డు యజమాని సమ్మన్న, కాయిళ్లు చుట్టేది ఆయనే. ఆ కాయిళ్లకు గుడ్డ టేపు చుట్టే సరోజ. బాగైన ట్రాన్స్‌ఫార్మర్‌ను తీసుకుపోవడానికి లారీతో వచ్చిన పత్తి జిన్నింగ్ మిల్లు యజమాని వెంకట్‌రెడ్డి. పరీక్షలు చేసి సంతకం పెట్టడానికి కరీంనగర్ నుంచి వెళ్లిన నేను. లారీ డ్రైవర్ టీ కొట్టు దగ్గర ఉన్నాడు కాబట్టి అతణ్ని లెక్కపెట్టడం లేదు. వస్తువుల్లో చెప్పాల్సినవి ఐదు వందల కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, నా మీటర్లు, బరువులెత్తే చైన్ బ్లాక్, గోడవారన ఒక స్టీలు పళ్లెం.

దయ్యాల మాట వస్తే లేచి వెళ్లిపోయే రకం నేను. ఇది చదివేవాళ్లు మొదట ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

పళ్లెం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ట్రాన్స్‌ఫార్మర్ మూత తీసి ఉన్నప్పుడు దాని మీదికి వంగే ప్రతివాళ్లూ ఉంగరం, వాచీ, కడియం, మొలతాడుకు కట్టుకున్న తాళంచెవులు తీసి ఆ పళ్లెంలో వేయాలి. లోపల పడ్డ చిన్న ఇనుప ముక్క చాలు, పదకొండు వేల వోల్టులు దాని మీదుగా దూకడానికి. మూత బిగించాక ఎవరివి వాళ్లు తీసుకుంటారు. పళ్లెం ఖాళీ అయితే లోపలేమీ మిగల్లేదని నమ్మకం. ఆ రోజు నేను వెళ్లేసరికి మూత బిగించి ఉంది, పళ్లెం ఖాళీగా ఉంది.

పరీక్షలు మొదలుపెట్టాను. తక్కువ వోల్టేజీ వైపు మూడు కొసలనూ రాగి పట్టీతో కలిపేసి, ఎక్కువ వోల్టేజీ వైపు 415 వోల్టులు ఇచ్చాను. మూడు ఫేజుల్లోనూ 22 ఆంపియర్లు వచ్చాయి.

దీన్నుంచి లోపలి అడ్డు, అంటే ఇంపిడెన్స్, లెక్కకట్టాలి. ఓమ్‌లలో చెబితే పదకొండు వేల వైపు ఒక అంకె, నాలుగు వందల వైపు మరొకటి వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి సామర్థ్యాన్ని ఒకటి అనుకుని అందులో ఎన్నో వంతో చెబితే, ఏ వైపు నుంచి చూసినా అదే అంకె. దీన్నే పర్ యూనిట్ అంటాం. కాలేజీలో ఇది అర్థమైన రోజు నాకు పండుగలా అనిపించింది. నేమ్‌ప్లేటు మీద 4.5 శాతం అని ఉంది, నాకు 0.045 వచ్చింది. తీగల నుంచి చట్రానికి కరెంటు కారుతుందేమో అని మెగ్గర్ మీటరుతో చూస్తే ఇన్సులేషన్ కూడా బాగుంది. పదకొండు వేలకు మించిన వోల్టేజీతో పరీక్షించే యంత్రం మాత్రం మా దగ్గర లేదు.

పాసైందని చెప్పి వైర్లన్నీ విప్పేశాను. అప్పుడే బజారంతా కరెంటు పోయింది.

ఆ నిశ్శబ్దంలో వినిపించింది, కరెంటు ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ చేసే మోత.

సమ్మన్న ట్రాన్స్‌ఫార్మర్ ట్యాంకు మీద చెయ్యి పెట్టి తీయలేదు. సరోజ కూడా వచ్చి పెట్టింది. "అన్నా, చేతికి తెలుస్తుంది, వణుకుతుంది" అంది.

రెండు వైపులా కొసలన్నీ కలిపి ఎర్త్ చేశాను. తీగల్లో కరెంటు కొలిచే క్లాంప్ మీటరు సున్నా చూపింది. చుట్టుపక్కల జనరేటర్ లేదు. లారీ ఇంజిన్ ఆపి ఉంది. మోత ఆగలేదు. ఫోన్లో రికార్డు చేశాను. ఇప్పటికీ ఉంది. అందులో మా మాటలు, పిచ్చుకల అరుపులు వినిపిస్తాయి, మోత లేదు.

"ఏంది సారూ, పాసైందంటివి గదా" అన్నాడు వెంకట్‌రెడ్డి. "అవతల మిల్లు యార్డుల పత్తి ఆరుబయట ఉంది. మబ్బు పట్టింది. సంతకం పెట్టు, లారీ ఎక్కిస్త."

"పెట్టను. మూత విప్పాలి."

"ఎందుకు? గురక పెడుతుందనా?"

"గురకైతే నీ లెక్క పండుకొని పెట్టాలె పటేలా, ఇది నిలబడి పెడుతుంది" అన్నాడు సమ్మన్న. నవ్వలేదు.

వెంకట్‌రెడ్డి తొందరలో న్యాయం ఉంది. కానీ ఆ ట్రాన్స్‌ఫార్మర్ వెళ్లి నిలబడేది ఆ పత్తి కుప్పల పక్కనే. దాని లోపలి నూనె అంటుకుంటే తూకం కోసం వరసలో నిలబడ్డ రైతులు కూడా అక్కడే ఉంటారు. సంతకం నాది. మోత వినిపించిందని కాగితం మీద రాయలేను. అయినా పెన్ను జేబులోంచి తీయలేదు.

చివరికి సమ్మన్న తన ఉంగరం పళ్లెంలో వేసి స్పానర్ అందుకున్నాడు.

చైన్ బ్లాక్‌తో లోపలి భాగాన్ని పైకి లేపాం. మోత అప్పటికే లేదు. ఎప్పుడు ఆగిందో ఎవరమూ గమనించలేదు. టార్చి వేసి పైనుంచి చూస్తూ వచ్చాను. మధ్య కాయిల్ నుంచి వచ్చే, టేపు చుట్టిన తీగకూ ఇనుప చట్రానికీ నడుమ ఒక పిన్నీసు అడ్డంగా ఇరుక్కుని ఉంది.

సరోజ చెయ్యి తన మెడ దగ్గరికి వెళ్లింది. పుస్తెలతాడుకు పిన్నీసులు గుచ్చుకోవడం ఆమెకు అలవాటు. గాజులు, ఉంగరం పళ్లెంలో వేసేది. పుస్తెలు వేయమని ఆమెను ఎవరూ ఎన్నడూ అడగలేదు.

"ఎట్ల అడుగుతం సారూ" అన్నాడు సమ్మన్న. ఆమె వైపు తిరిగి, "ఏడవకు చెల్లె. దొరికింది గదా" అన్నాడు.

వెంకట్‌రెడ్డి బయటికి వెళ్లి డ్రైవర్‌ను పత్తి మీద తాడిపత్రి కప్పించడానికి పంపి వచ్చాడు. ఆ రోజు నుంచి సరోజ పుస్తెలను గుడ్డలో చుట్టి జాకెట్లో దోపుకుంటుంది. పిన్నీసులు మాత్రం పళ్లెంలో వేస్తుంది.

ఎన్నో విధాలుగా ఆలోచించాను. కరెంటు లేనిదే ఇనుము మోగదు. పిన్నీసు అసలే మోగదు. చెవుల భ్రమ అనుకుందామంటే నలుగురం విన్నాం, ఇద్దరి చేతులకు తెలిసింది. నాకు అర్థం కాలేదు, ఇప్పటికీ కాదు.

సాయంత్రం కరెంటు వచ్చాక నూనె వడకట్టి, మూత బిగించి, మళ్లీ అదే పరీక్ష చేసి సంతకం పెట్టాను. పిన్నీసు లోపల ఉన్నప్పుడు పర్ యూనిట్ విలువ 0.045. తీసేశాక 0.045.