నాటకం నడిపించిన కత్తెర వదిన

కత్తెర వదినకు ఆ పేరు ఎడిటింగ్ వల్ల వచ్చిందని వీధిలో కొందరు, కుట్టుపని వల్ల వచ్చిందని మరికొందరు, నోటి వల్ల వచ్చిందని ఆమె అత్తగారు అంటారు. ముగ్గురి మాటా నిజమే. పెళ్లయిన కొత్తలో ఆమె ఫోటో స్టూడియో వెనక గదిలో మిషన్ పెట్టుకుని బట్టలు కుట్టేది. ముందు గదిలో భర్త ఫోటోలు తీసేవాడు. కొన్నాళ్లకు ఫోటోల స్థానంలో వీడియోలు వచ్చాయి. తీసిందాన్ని ఎక్కడ కోయాలో, ఎక్కడ అతుకు కనబడకుండా కుట్టాలో తెలిసిన మనిషి కావలసి వచ్చింది. అలాంటి మనిషి గోడకు అవతలే కూర్చుని ఉందని కనిపెట్టడానికి ఆ ఇంటి మగవాళ్లకు చాలా కాలమే పట్టింది.

అప్పటినుంచి ఎడిటింగ్ కుర్చీ ఆమెది. భర్త కెమెరా వెనకాల ఉండి ఉండి మాట్లాడటమే మానేసిన మనిషి. బేరాలు, వాగ్దానాలు, ఫోను చేసిన పార్టీలకు "అయిపోవచ్చిందండీ" అని చెప్పడం మరిది శాఖ. ఆ మాట చెప్పడంలో అతనికి ఉన్న నైపుణ్యం అసామాన్యం. పని మొదలుపెట్టకముందే అయిపోవచ్చేది.

ఇక అత్తగారి శాఖ భద్రత. దీనికి ఒక చరిత్ర ఉంది. వెనకటికి ఒకసారి, అప్పటి కంప్యూటరు కడుపులో ఎవరిదో పెళ్లి మొత్తం పెట్టుకుని ప్రాణం విడిచింది. ఆ పెళ్లివారి కాళ్లావేళ్లా పడి, పెళ్లిలో కొన్ని ఘట్టాలు మళ్లీ తీద్దామని అందరినీ పిలిచారు. అప్పటికి పెళ్లికొడుకు మీసం తీసేశాడు, పెళ్లికూతురు అతనితో మాట్లాడటం మానేసింది. ఆ వీడియోలో ఆమె నవ్విన నవ్వు చూసి అత్తగారు శాసనం చేశారు: ఇకమీదట ఏ పార్టీ సరుకూ కంప్యూటర్లోకి పోకూడదు. తీసిందంతా విడిగా ఒక హార్డ్ డిస్కులో ఉండాలి. ఆ డిస్కు ఇనప బీరువాలో ఉండాలి. బీరువా తాళం తన నడుముకు ఉండాలి.

డిస్కు బీరువాలో ఉంటే పనెలా సాగుతుంది? దానికీ ఉపాయం ఉంది. బీరువా వెనక రేకుకు చిల్లు వేయించారు. ఆ చిల్లులోంచి ఒక తీగ బయటికి వచ్చి, దానికి ఇంకో తీగ తగిలించుకుని, గోడ వెంబడి పాకి, కిటికీ కింద మలుపు తిరిగి వదిన బల్ల మీదికి చేరేది. ప్రపంచంలో ఇంకెక్కడైనా ఇలా సినిమాకు తాళం వేసి ఎడిటింగ్ చేస్తారో లేదో తెలియదు. ఆ ఇంట్లో మాత్రం ఏళ్ల తరబడి అలాగే చేశారు, ఒక్క షాటు కూడా పోలేదు. అత్తగారు ఈ సంగతి వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు.

ఇలా ఉండగా కొత్త కంప్యూటర్ వచ్చింది. వదిన పట్టుబట్టి కొనిపించింది. పాతది నత్తతో పందెం వేసి ఓడిపోయేలా ఉందని, కెమెరాలు మారాయని, బొమ్మ పెద్దదైందని ఆరు నెలలు పోరాడింది. చివరికి వచ్చిన యంత్రం చూడటానికే బీరువాకు తమ్ముడిలా ఉంది. లోపల రంగుల దీపాలు. అమ్మినాయన దాని పక్కన నిలబడి పిల్లనిచ్చే మామలా దాని గుణగణాలు వర్ణించాడు.

"మేడమ్, దీని మీద రాకెట్ కూడా ఎగరేయొచ్చు."

"రాకెట్ వద్దు నాయనా. నాటకం నడిస్తే చాలు" అంది వదిన.

నాటకం నడవలేదు. అదే కథ.

ఆ ఊరి రంగస్థల సమాజం వాళ్లు తమ నాటకాన్ని నాలుగు కెమెరాలతో తీయించుకున్నారు. ఆదివారం సాయంత్రం హాలులో తెర మీద వేసి ఊరందరికీ చూపిస్తామని బోర్డు కూడా పెట్టేశారు. మరిది యథాప్రకారం "అయిపోవచ్చింది" అన్నాడు. బుధవారం పొద్దున వదిన కొత్త కంప్యూటర్ ముందు కూర్చుని నాలుగు కెమెరాల బొమ్మలనూ ఒకచోట పేర్చి మీట నొక్కింది. నాయకుడు చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. వదిన వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగి వచ్చింది. చెయ్యి ఇంకా దిగలేదు. దిగాక, మాట అతని నోట్లోంచి ఇంకా బయల్దేరలేదు.

మరిది వెనక నుంచి తొంగి చూశాడు.

"వదినా, ఇది పాతదానికంటే నిదానంగా ఉందేంటి?"

"కొత్త కోడలు కదా, సర్దుకుంటుంది."

"సర్దుకునేలోపు ఆదివారం వచ్చేస్తుంది. కోపం తెచ్చుకోకు గానీ, మెయిన్ రోడ్డు స్టూడియో వాళ్లున్నారు. నిన్న అడిగి చూశా. ఇకమీదట ఎడిటింగంతా చేసిపెడతామన్నారు. నువ్వు ముందు గదిలో పాస్‌పోర్టు ఫోటోలు చూసుకుంటే హాయిగా ఉంటుంది. కంటికి శ్రమ తగ్గుతుంది."

"నా కంటికేం వచ్చింది?"

"కంటికి కాదు, ఎవరికైనా వయసు..."

"ఆదివారం దాకా ఆగు" అంది వదిన, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని. "తెర మీద నాటకం పడకపోతే నేనే లేచి వెళ్లి ముందు గదిలో కూర్చుంటా. గడ్డం కొంచెం పైకెత్తండి, నవ్వకండి అని జీవితాంతం చెప్పుకుంటా. పడిందంటే మాత్రం మెయిన్ రోడ్డు మాట నా ముందు ఎత్తకూడదు."

"సరే వదినా" అన్నాడు మరిది, జాలిగా. ఆ జాలే ఆమెకు ఎక్కువ మండింది.

ఆపైన చికిత్స మొదలైంది. ముందు అందరికీ తెలిసిన మందు వేశారు: ఆపి మళ్లీ వేశారు. తర్వాత సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించారు. దానికి కొత్త అప్‌డేట్ పెట్టారు. అది బాగా లేదని పాతది పెట్టారు. పోగుపడిన చెత్త ఫైళ్లన్నీ ఊడ్చారు. బొమ్మ నాణ్యత సగానికి, పావుకి తగ్గించారు. నాయకుడు మసకగా మారాడు గానీ కదలలేదు. అమ్మినాయన వచ్చి మెమొరీ ఇంకా పెంచి, తల గోక్కుని, ఫ్యాను గాలి ఎటు పోతోందో అరచెయ్యి పెట్టి చూసి, "సాఫ్ట్‌వేర్‌లోనే ఏదో ఉందండీ" అని తేల్చాడు. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఫోను చేస్తే వాళ్లు "మీ మిషన్ చాలదేమో" అన్నారు. ఈ రెండు మహావాక్యాల మధ్య వదిన నలిగిపోయింది. పక్కింటి టైపు మాస్టారు కిటికీలోంచి తొంగి చూసి, దిక్కు మార్చి పెట్టమన్నారు. మార్చారు కూడా. తీగ అందక మళ్లీ వెనక్కి తెచ్చారు.

గురువారం పొద్దున వదిన ఆ పెట్టె మీద చెయ్యి వేసి చూసింది. చల్లగా ఉంది. ఆమెకు అనుమానం తగిలింది. ఇంత కష్టపడుతున్న మనిషికి చెమటైనా పట్టదేం?

టాస్క్ మేనేజర్ తెరిచింది. ఎవరెవరు ఎంత పని చేస్తున్నారో అందులో కనబడుతుంది. ప్రాసెసర్ కునుకు తీస్తోంది. గ్రాఫిక్స్ కార్డు దాని భుజం మీద తల పెట్టుకుని పడుకుంది. కొత్తగా వేసిన మెమొరీ సత్రంలా ఖాళీగా ఉంది. ఒక్క హార్డ్ డిస్కు వరసలో మాత్రం గీత పైకప్పును తాకి అక్కడే నిలబడింది.

"అంటే వీళ్లంతా ఎదురుచూస్తున్నారన్నమాట" అంది వదిన పైకే.

పరీక్ష కోసం తన ఫోనులో ఉన్న వీడియోలు కొన్ని నేరుగా కంప్యూటర్లోనే వేసింది. అత్తగారు పక్కింటావిడతో గోడ మీదుగా వాదించినవి. వాటిని నాలుగు వరసలు పేర్చి మీట నొక్కింది. అత్తగారు నలుగురై, ఎక్కడా తడబడకుండా, ఊపిరి తీసుకోకుండా వాదించారు. వెనక్కి తిప్పితే వెనక్కి, ముందుకు తిప్పితే ముందుకు. సాఫ్ట్‌వేర్‌కు జబ్బు లేదు. మిషన్‌కు అంతకన్నా లేదు.

వదిన కుర్చీ దిగి నేల మీద కూర్చుంది. బల్ల కింద తీగను వేళ్లతో పట్టుకుని, దారపు చివర వెతుక్కునేదానిలా దాని వెంబడి వెళ్లింది. కిటికీ కింద మలుపు, గోడ, రెండు తీగలు కలిసిన అతుకు, బీరువా వెనక చిల్లు. అక్కడ ఆగి గట్టిగా నవ్వింది. అంత పొడుగు తీగలో, ఆ అతుకు దాటి, నాలుగు కెమెరాల బొమ్మ చుక్కచుక్కగా వస్తోంది. ఏనుగును తెచ్చి గుమ్మంలో కట్టేసి, దానికి చెంచాతో తినిపిస్తున్నారు ఇన్నాళ్లూ! పాత కంప్యూటరే నిదానం గనక ఇంతకాలం తీగను అనుమానించినవాళ్లు లేరు.

కంప్యూటర్లోకి ఒక కాపీ దించుకుంటే పని నడుస్తుంది. ఆ తీగ మీదుగానే దించబోతే, పూర్తయ్యేది ఆదివారం సాయంత్రానికని చూపించింది, అంటే హాలులో జనం కూర్చున్నాక. డిస్కు బయటికి రావాలి, కంప్యూటర్ పక్కనే కూర్చోవాలి, పొట్టి తీగతో తగలాలి. బయటికి రావాలంటే తాళం కావాలి.

వదిన అత్తగారి ముందుకు వెళ్లి నిలబడింది.

"అత్తయ్యా, తాళం."

"దేనికే?"

"డిస్కు కాసేపు బయటికి తియ్యాలి."

"నా కంఠంలో ప్రాణం ఉండగా తియ్యనివ్వను. ఆ పెళ్లికూతురు నవ్వు మర్చిపోయావా?"

"అసలుది ఎక్కడికీ పోదత్తయ్యా. నకలు తీసుకుని దాన్ని తిరిగి మీ బీరువాలోనే పెడతా. పాడైతే నకలు పాడవుతుంది. నేను కుట్టేటప్పుడు పార్టీ కొలత జాకెట్టును కోసేశానా ఎప్పుడైనా? పక్కన పెట్టుకుని కొత్త గుడ్డ కోశాను."

అత్తగారు ఆలోచించారు. కొలత జాకెట్టు మాట ఆవిడకు తగిలింది.

"మధ్యలో కరెంటు పోతే?"

"నకలు ఆగుతుంది. అసలుకేం కాదు."

"ఎవరైనా తన్నుకుని పడేస్తే?"

"మీరే పట్టుకోండి."

అలాగే జరిగింది. అత్తగారు బీరువా తెరిచి, డిస్కును తువ్వాల్లో చుట్టబోతే వదిన వేడెక్కుతుందని వారించింది. ఆవిడ కంప్యూటర్ పక్కన పీట వేసుకుని, డిస్కును రెండు అరచేతుల్లో పట్టుకుని, పసిపిల్లకు పాలు పట్టిస్తున్నట్టు కూర్చున్నారు. పొట్టి తీగను అమ్మినాయనే పరిగెత్తుకుంటూ తెచ్చి ఇచ్చాడు. మధ్యాహ్నం భోజనాల వేళకు కాపీ పూర్తయింది. అంతసేపూ ఆవిడ ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు, తుమ్మబోయిన కొడుకును కూడా బయటికి పంపేశారు. డిస్కు మళ్లీ బీరువాలోకి వెళ్లింది. తాళం పడింది. దేశ భద్రతకు ఢోకా రాలేదు.

వదిన కుర్చీలో కూర్చుని మీట నొక్కింది. నాయకుడు చెయ్యెత్తాడు, దించాడు, మాట్లాడాడు, తిట్టాడు, ఏడ్చాడు. నాలుగు కెమెరాలూ నాలుగు గుర్రాల్లా పరిగెత్తాయి. పెట్టె వెచ్చబడింది. ఫ్యాను మొదటిసారి గొంతు విప్పింది. దాని మోత విని మరిది లోపలికి వచ్చాడు.

"ఏం చేశావు వదినా?"

"బీరువాలోంచి మనుషుల్ని బయటికి తెచ్చా. పక్కకి తప్పుకో, నీ నీడ పడుతోంది."

గురువారం, శుక్రవారం, శనివారం వదిన కోసింది, అతికించింది, విప్పి మళ్లీ అతికించింది. ముందు గదిలో గడ్డం పైకెత్తమని చెప్పే పని మరిదే చేసుకున్నాడు. అందరినీ నవ్వించి ఫోటోలు పాడుచేశాడని వినికిడి.

ఆదివారం సాయంత్రం హాలు నిండిపోయింది. కుర్చీలు చాలక కొందరు గోడలకు ఆనుకున్నారు. అత్తగారు ముందు వరసలో, మరిది ఆవిడ పక్కన, వదిన వెనక వరసలో భర్త పక్కన. దీపాలు ఆరాయి. నాటకం మొదలైంది. నాయకుడి ముఖం దగ్గరికి వచ్చింది, అతని మాట వింటున్న భార్య ముఖం వచ్చింది, మళ్లీ దూరంగా రంగస్థలం అంతా. ఎక్కడ అతుకు ఉందో తెలిసినవాళ్లు ఆ హాలులో ఒక్కరే. మూడో అంకంలో నాయకుడికి కొడుకు పోయిన కబురు అందుతుంది. అతను కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. కదలడు. రెప్ప వేయడు.

మరిది కుర్చీలోంచి ఎగిరి నిలబడి, వెనక్కి తిరిగి రెండు చేతులూ ఊపాడు.

"వదినా! మళ్లీ ఆగిపోయింది!"

"కూర్చోవయ్యా" అంది వదిన, హాలంతా వినబడేలా. "అది నటన!"

అదే క్షణంలో తెర మీద నాయకుడు కుప్పకూలాడు. ఒక వరసలో నవ్వు మొదలై, పక్క వరసలో ఏడుపుతో కలిసి, చివరికి రెండూ చప్పట్లలో మునిగిపోయాయి. దీపాలు వెలిగాక సమాజం కార్యదర్శి మరిది చేతులు పట్టుకుని, వచ్చే నాటకం కూడా మీకేనండీ అన్నాడు. మరిది నోరు తెరిచి, అలవాటు కొద్దీ "అయిపోవచ్చిందండీ" అనబోయి, వదిన వైపు చూసి ఆగాడు.

"ఆవిడని అడగండి" అన్నాడు. "ఎడిటింగ్ ఆవిడది."